ఆర్మేనియా గొడవని మతం గొడవలా రాయకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మన పేపర్లలో ఆర్మేనియా పేరు ఎప్పుడు కనిపిస్తుందంటే హైదరాబాద్ బీడీఎల్‌లో తయారైన ఆకాశ్ మిసైల్స్ వాళ్ళు కొన్నప్పుడు, లేదంటే అజర్‌బైజాన్ పాకిస్తాన్‌కి సపోర్ట్ చేసినప్పుడు. 2025 మేలో ఆ సపోర్ట్ చూసి మనవాళ్ళు అజర్‌బైజాన్ రాజధాని బాకూకి టూర్లు క్యాన్సిల్ చేసుకున్నారు, అప్పటి నుంచి మీ పేపర్‌తో సహా అందరిదీ ఒకటే లైన్, ఈ రెండు దేశాల గొడవ అంటే ఆర్మేనియా క్రిస్టియన్ దేశం అజర్‌బైజాన్ ముస్లిం దేశం, వాళ్ళు మన ఫ్రెండ్స్ వీళ్ళు మన శత్రువుకి ఫ్రెండ్స్, అంతే. నేను ఉండేది లాస్ ఏంజెలెస్ పక్కన గ్లెండేల్‌లో, ఆర్మేనియా బయట ఆర్మేనియన్లు బాగా ఎక్కువగా ఉండే ఊళ్ళలో ఇదొకటి, మా వీధిలో సగం వాళ్ళే, రోజూ వాళ్ళ మాటలు చెవిన పడుతుంటాయి కాబట్టి చెప్తున్నా, ఇప్పుడు అక్కడ నడుస్తున్న అసలు కొట్లాట ఆర్మేనియన్లకీ ఆర్మేనియన్లకీ మధ్య.

మతం గొడవే అయితే షియా ఇరాన్, షియాలే ఎక్కువున్న అజర్‌బైజాన్‌ని పక్కన పెట్టి ఆర్మేనియాతో ఎందుకు స్నేహంగా ఉంటుంది? 2020 యుద్ధంలో ఆర్మేనియన్ ట్యాంకుల మీద పడ్డ డ్రోన్లలో ఇజ్రాయెల్‌వి ఎందుకున్నాయి? ఆర్థడాక్స్ రష్యా దాదాపు రెండు వేల మంది సైనికుల్ని శాంతి కోసం అని గొడవకి మూలమైన నగోర్నో కరాబాఖ్‌లో పెట్టి, 2023లో అజర్‌బైజాన్ దాడి చేస్తే చేతులు కట్టుకుని ఎందుకు చూసింది? ఇవేవీ రాయకుండా మ్యాప్ మీద ఒక శిలువ, ఒక నెలవంక వేసేస్తే ఎలా సార్.

నగోర్నో కరాబాఖ్‌ని సోవియట్ కాలంలో అజర్‌బైజాన్ కింద పెట్టారు, జనం మాత్రం ఎక్కువ ఆర్మేనియన్లే. 1988లో మొదలైన గొడవ యుద్ధమై 1994లో ఆగేసరికి ఆర్మేనియన్లు కరాబాఖ్‌తో పాటు చుట్టుపక్కల జిల్లాలు కూడా పట్టుకున్నారు, అక్కడి అజర్‌బైజానీలు లక్షల్లో ఇళ్ళు వదిలి పారిపోయారు, అఘ్దామ్ అనే ఊరు మొండి గోడలై మిగిలింది. ఈ ముక్క గ్లెండేల్‌లో ఎవరూ ఎత్తరు, ఎత్తినవాడితో మళ్ళీ మాట్లాడరు. తర్వాత 2020లో 44 రోజుల యుద్ధం, ఆర్మేనియా ఓటమి. 2022 డిసెంబర్ నుంచి అజర్‌బైజాన్ వాళ్ళు, ఆర్మేనియా నుంచి కరాబాఖ్‌కి వెళ్ళే లాచిన్ దారి మూసేసి తొమ్మిది నెలలు తిండికీ మందులకీ కటకటలాడించారు, 2023 సెప్టెంబర్ 19న దాడి, ఒక్క రోజులో అయిపోయింది, వారం పది రోజుల్లో లక్ష మందికి పైగా అన్నీ వదిలేసి ఆర్మేనియాకి వచ్చేశారు.

ఆ దారి సంగతి చెప్పాలి. ఆర్మేనియాలో గోరిస్ నుంచి కరాబాఖ్ ముఖ్య పట్టణం స్తెపానాకెర్ట్ వెళ్ళే ఆ రోడ్డుని 1990ల్లో ప్రవాస ఆర్మేనియన్ల చందాలతో బాగు చేశారు. హయస్తాన్ ఫండ్ అని ఒకటుంది, థాంక్స్‌గివింగ్ రోజున లాస్ ఏంజెలెస్ నుంచి టీవీలో గంటల తరబడి ప్రోగ్రాం పెట్టి డబ్బులు పోగు చేస్తారు, ఇక్కడ పెద్దవాళ్ళు ఆ రోడ్డు మాదే అన్నట్టు మాట్లాడేవాళ్ళు. 2023లో జనం కార్ల మీద, ట్రాక్టర్ల మీద పరుపులు కట్టుకుని దిగొచ్చింది చాలా వరకు ఆ రోడ్డు మీదే. 2020 యుద్ధంలో అదే ఫండ్‌కి కోట్ల డాలర్లు వచ్చాయి, అందులో పెద్ద వాటా ప్రభుత్వ బడ్జెట్‌లోకి వెళ్ళిందని తెలిశాక ఇక్కడివాళ్ళకి ప్రధాని పషిన్యాన్ మీద ఉన్న కోపం రెట్టింపయింది.

ఈ నికోల్ పషిన్యాన్ పాత జర్నలిస్టు, 2018లో గ్యుమ్రి అనే ఊరి నుంచి రాజధాని యెరెవాన్ దాకా నడిచి, వీధి ఉద్యమంతో గద్దెక్కాడు. 2019లో స్తెపానాకెర్ట్ సభలో కరాబాఖ్ అంటే ఆర్మేనియానే, ఇంక మాట లేదు అన్నదీ ఆయనే, 2023 మేలో కరాబాఖ్‌తో కలిపే అజర్‌బైజాన్ సరిహద్దుల్ని ఒప్పుకుంటాం అన్నదీ ఆయనే. ఇప్పుడు ఆయన పాట 'నిజమైన ఆర్మేనియా', అంటే చేతిలో ఉన్న 29,743 చదరపు కిలోమీటర్లే దేశం, పోయినదాని గురించి కలలు మానండి అని. పాస్‌పోర్ట్ మీద కొట్టే స్టాంపులోంచి అరారాత్ కొండ బొమ్మ కూడా తీసేయాలని నిర్ణయించారు, ఆ కొండ టర్కీలో ఉంది కదా అని. ఇక్కడ ఏ ఆర్మేనియన్ ఇంటికెళ్ళినా గోడ మీద ఉండేది ఆ కొండ బొమ్మే, మరి వాళ్ళకి ఎలా ఉంటుంది?

దీనికి ఎదురు తిరిగింది చర్చి. 2024లో తవుష్ సరిహద్దులో నాలుగు ఊళ్ళ స్థలం అజర్‌బైజాన్‌కి తిరిగిచ్చేస్తుంటే అక్కడి ఆర్చిబిషప్ బగ్రాత్ గల్స్తాన్యాన్ జనాన్ని వెంటేసుకుని యెరెవాన్ దాకా నడిచాడు, పషిన్యాన్ దిగిపోవాలన్నాడు, అంటే పషిన్యాన్ ఫార్ములానే పషిన్యాన్ మీద వాడాడు. 2025 జూన్‌లో కుట్ర కేసు పెట్టి ఆయన్ని లోపలేశారు, చర్చి తరఫున మాట్లాడిన పెద్ద వ్యాపారి సామ్వెల్ కరపెత్యాన్‌ని లోపలేశారు, ఇంకో ఆర్చిబిషప్ మికాయెల్ అజపహ్యాన్ కోసం సెక్యూరిటీ వాళ్ళు ఏకంగా ఎచ్మియాద్జిన్‌కి, అంటే వాళ్ళ మూల పీఠానికే వెళ్తే ఫాదర్లూ జనమూ అడ్డం నిలబడ్డారు. ప్రధానేమో కాథలికోస్, అంటే వాళ్ళ చర్చి అధిపతి, రెండో కరెకిన్ బ్రహ్మచర్యం తప్పాడని ఫేస్‌బుక్‌లో ఆరోపణలు. 301లోనే దేశం మొత్తం క్రైస్తవం తీసుకుందని గర్వంగా చెప్పుకునే చోట ఈ భాష.

చర్చిలో రాజకీయం వాళ్ళకి కొత్త కూడా కాదు లెండి. పెద్ద పీఠాలు రెండు, ఒకటి ఎచ్మియాద్జిన్, ఇంకోటి లెబనాన్‌లో ఆంతెలియాస్, ప్రార్థన ఒకటే, నమ్మకం ఒకటే, తేడా అంతా పార్టీలదే. 1933లో షికాగో ఎగ్జిబిషన్‌లో, స్టేజి మీద 1918 నాటి స్వతంత్ర ఆర్మేనియా జెండా ఉంటే నేను మాట్లాడను అన్నాడని ఆర్చిబిషప్ తూర్యాన్ మీద దష్నాక్ అనే ఆర్మేనియన్ జాతీయవాద పార్టీ వాళ్ళు పగబట్టారు, ఎచ్మియాద్జిన్ అప్పుడు సోవియట్ చేతిలో ఉంది కదా ఆయన ఇబ్బంది ఆయనది, కానీ విన్నదెవరు, క్రిస్మస్ ముందురోజు న్యూయార్క్ చర్చిలో ఊరేగింపుగా లోపలికి వస్తున్న మనిషిని అక్కడే పొడిచి చంపారు. దాంతో అమెరికాలో వాళ్ళ చర్చి రెండుగా చీలింది, ఇప్పటికీ అంతే. మా గ్లెండేల్‌లో సెయింట్ మేరీస్ ఆంతెలియాస్ వైపు, పక్కనే బర్‌బ్యాంక్‌లో సెయింట్ లియాన్ కథీడ్రల్ ఎచ్మియాద్జిన్ వైపు, మధ్యలో కారులో కాసేపటి దూరం.

ఇంకా వెనక్కి వెళ్తే మన మద్రాసు కూడా ఉంది ఈ కథలో. 1770ల్లో మద్రాసు ఆర్మేనియన్ వ్యాపారులు ప్రెస్ పెట్టి, లేవండి, పరాయి రాజుల్ని వదిలించుకోండి అని పుస్తకాలు అచ్చేసి పంపితే అప్పటి కాథలికోస్ సిమియోన్ వాటిని కాల్చేయమన్నాడు. మీరు ఎక్కడో సముద్రం పక్కన క్షేమంగా కూర్చుని రెచ్చగొడతారు, పర్షియా వాళ్ళ చేతిలో, టర్కీ వాళ్ళ చేతిలో దెబ్బలు తినేది మేం కదా అని ఆయన భయం అయ్యుంటుంది. ఇప్పుడు ఆ మాట పషిన్యాన్ అంటున్నాడు, చర్చేమో మద్రాసు వ్యాపారుల వైపుకి మారిపోయింది!

నన్నడిగితే ఎంత భూమి వదులుకోవాలో తేల్చుకోవాల్సింది సరిహద్దు ఊళ్ళలో ఇల్లున్నవాళ్ళు. గ్లెండేల్‌లో చాలామంది తాతముత్తాతలు 1915లో ఆర్మేనియన్ల ఊచకోత జరిగినప్పుడు టర్కీ వైపు ఊళ్ళ నుంచి ప్రాణాలు దక్కించుకుని బైరూట్‌కో అలెప్పోకో చేరినవాళ్ళు, వీళ్ళలో కరాబాఖ్‌ని చూసినవాళ్ళే తక్కువ. వాళ్ళ బాధ అబద్ధం కాదు, కానీ రేపు యుద్ధం వస్తే పోయేది ఆర్మేనియా దక్షిణాన సరిహద్దులో ఉన్న స్యునిక్‌లో పిల్లాడు, గ్లెండేల్‌లో కాదు. (మన ఎన్నారైలం ఇక్కడి నుంచి ఫోన్ చేసి ఊళ్ళో ఎవరికి ఓటెయ్యాలో చెప్పడం లేదా ఏంటి.) అలాగని పషిన్యాన్‌ని వెనకేసుకు రావట్లేదు. 2025 ఆగస్ట్ 8న వాషింగ్టన్‌లో ట్రంప్ ముందు అజర్‌బైజాన్ అధ్యక్షుడు అలియేవ్‌తో ఒప్పందం, స్యునిక్ మీదుగా ట్రంప్ పేరు పెట్టిన దారి, అవన్నీ మంచికే కావచ్చు, కానీ వద్దన్న బిషప్పుల్ని జైల్లో పెట్టి శాంతి తెస్తున్నా అంటే నమ్మడం కష్టం.

నాకు ఒళ్ళు మండేది మాత్రం కరాబాఖ్ నుంచి వచ్చినవాళ్ళ విషయంలో. చర్చి, ప్రధాని, గ్లెండేల్, అందరూ వాళ్ళ పేరు చెప్పే మాట్లాడతారు. వాళ్ళ చేతిలో ఉన్నది 070 కోడ్ ఉన్న ఆర్మేనియా పాస్‌పోర్ట్, ఏళ్ళ తరబడి అదే పట్టుకు తిరిగారు, తీరా ఇల్లు పోయి వచ్చాక అది ప్రయాణానికి మాత్రమే, పౌరసత్వానికి విడిగా అప్లై చేసుకోండి అన్నారు, పౌరసత్వం లేకపోతే 2026 జూన్ ఎన్నికల్లో ఓటూ లేదు. అద్దెకీ కరెంటుకీ మనిషికి నెలకి 50,000 ద్రామ్‌లు ఇచ్చేవాళ్ళు, 2025 వసంతంలో అందులో కోత పెట్టారు, దాని మీద యెరెవాన్‌లో ధర్నా కూడా చేశారు. వాళ్ళ పాత నాయకులు కొందరు, రూబెన్ వర్దాన్యాన్‌తో సహా, బాకూ జైల్లో ఉన్నారు. ఈసారి ఆకాశ్ గురించి ఫుల్ పేజీ వేసినప్పుడు పక్కన ఒక చిన్న బాక్స్‌లో అయినా వీళ్ళ గురించి వెయ్యండి, ఆ శిలువ, నెలవంక మ్యాప్ మాత్రం తీసేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
గ్లెండేల్, కాలిఫోర్నియా