నరం మీద నరం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది, జవాబు రాయనందుకు ఏమీ అనుకోకురా. అందరూ బాగున్నారు. చెల్లి డిగ్రీ పాసైంది. మిగతావి తర్వాత. మొన్న ల్యాబులో ఒకటి చూశాను, అది నీకు చెప్పేదాకా నిద్ర పట్టేలా లేదు.

ఎలుక ధమని ముక్కను నరాల్లోని రసాయనాన్ని మెరిపించే గ్లైఆక్సిలిక్ ఆమ్లంలో నానబెట్టి, ఆరబెట్టి, వేడిచేసి ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు కింద పెట్టాం. గదంతా చీకటి. ఫోకస్ తిప్పుతుంటే మొదట మసక, ఆ తర్వాత ఒక్కసారిగా నీలి ఆకుపచ్చ వెలుగు! నాళం చుట్టూ నులకమంచం అల్లినట్టు నరాలు. ఒక్కో పోగుకీ పూసలు గుచ్చినట్టు చుక్కలు. ఈ నరాలు కబురు పంపే రసాయనం, నార్‌అడ్రినలిన్, ఉండేది ఆ పూసల్లోనే. అల్లికంతా పైపొరలోనే ఉంది, కండరం అంచుదాకా వచ్చి ఆగిపోయింది.

మీ బామ్మ గుర్తొచ్చిందిరా. సెలైన్ పెట్టేటప్పుడు "నరం దొరకట్లేదే" అంటే, "అది నరం కాదు బామ్మా, సిర" అని ఇద్దరం ఎంత సరిదిద్దామో! ఆవిడ "నరం" మీద నిజం నరం ఉంటుందని చెబితే ఎంత సంతోషించేదో.

1850ల మొదట్లోనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ కుందేలు మెడలో నరం కోస్తే ఆ వైపు చెవి ఎర్రబడి వేడెక్కింది. బిగించే నరం తెగాక నాళం సడలిందన్నమాట. నరం నాళాన్ని బిగిస్తుందని మనం చదువుకున్నది అంతవరకే. కానీ 1975లో రోజ్‌మేరీ బెవాన్ అనే పరిశోధకురాలు ఎదిగే కుందేళ్ల చెవి ధమనికి ఆ నరం అందకుండా చేస్తే, గోడలోని కండర కణాల విభజన తగ్గింది. అంటే నరం గోడను పెంచుతుంది కూడా!

నాన్నకి బెలూన్‌తో తెరిచిన గుండె నాళం ఆరు నెలలకే మళ్లీ పూడింది, గుర్తుందిగా. గాయం మానే క్రమంలో కండర కణాలు లోపలికి పాకి, పెరిగి గట్టు కడతాయి. ఆ కణాల మీద నార్‌అడ్రినలిన్ కబురు అందుకునే ఆల్ఫా-1 గ్రాహకాలుంటాయి, నార్‌అడ్రినలిన్ వాటిని పట్టుకుని పెరుగుదలను ఎగదోస్తుంది. అదే గోడ మీదున్న నొప్పి నరాలు వదిలే సీజీఆర్‌పీ అనే మరో రసాయనం మాత్రం నాళాన్ని సడలించి, ఆ కణాలకు పగ్గం వేస్తుంది. మరి బెలూన్ లోపల్నుంచి సాగదీస్తే పైన ఆ అల్లిక ఏమవుతుంది? తెగితే ఏ నరం ముందు మొలుస్తుంది? నాన్న గుండెలో ఆ ఆరు నెలలూ... ఆ రాత్రి అదే ఆలోచనతో ఏడుపొచ్చింది.

ఇంకా చెప్పాలి, గాయమైన ముక్కల స్లైడ్లు రేపే... అదిగో, క్యాంపస్ బస్సు హారన్ కొడుతున్నాడు. ఉంటానురా.

నీ,
రఘు