ఏటి అడుగున ఎదురు నీరు

ఒరేయ్ శీనూ,

జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు క్షమించరా. అందరం బాగున్నాం. అమ్మ మోకాలు నయం, తమ్ముడి బదిలీ ఇంకా తేలలేదు. మిగతావి మరోసారి. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మొన్న నవమి నాడు భైరవపాలెం వైపు, గోదావరి గౌతమి పాయ సముద్రంలో కలిసే మొగకి కాస్త ఎగువన పడవలో ఉన్నాం. వరద తీసింది కానీ ఏటికి ఇంకా జోరుంది. లంగరు వేశాం. గుర్రపుడెక్క ముక్కలు మా పక్కనుంచే సముద్రం వైపు పోతున్నాయి. పోటు అప్పుడే మొదలవుతోందన్నాడు పడవ తాత. నీళ్లు చూస్తే అలా లేదే! తాత నవ్వి, బకెట్లో రాయి వేసి, తాడు కట్టి అడుగుదాకా దించాడు. తాడు మెల్లగా వాలింది. ఎటో తెలుసా? ఎగువకి! పైన నీరు సముద్రానికి, అడుగు నీరు యానాం వైపు. ఒకే ఏరురా, ఒకే క్షణం.

నాకు వెంటనే నువ్వే గుర్తొచ్చావు. "ఏరంటే గొట్టం, ఇటు పోస్తే అటు పడుతుంది" అని హాస్టల్ మెట్ల మీద ఎంత వాదించావురా, గొట్టం శాస్త్రీ!

అంతటితో ఆగానా? సీసాకి బిరడా పెట్టి, బిరడాకి వేరే దారం కట్టి, అడుగున లాగాను. బుడబుడమని బుడగలొచ్చాయి. పైకి తీసి నాలుక మీద వేసుకుంటే ఒకటే ఉప్పు. చేత్తో తీసిన పైనీరు మాత్రం చప్పగా ఉంది.

సముద్రపు నీటిలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు. ఆ బరువుకి అది మంచినీటి కిందికి దూరి ఎగువకి పాకుతుంది. పైనీరు పోతూ పోతూ కింది ఉప్పునీటిని కొంత కలుపుకుని తీసుకెళ్తుంది, ఆ లోటు తీర్చడానికి సముద్రం అడుగునుంచి మళ్లీ లోపలికొస్తుంది. అంటే ఏరే సముద్రాన్ని లోపలికి లాగుతోందిరా! పున్నమికీ అమావాస్యకీ పోటు జోరు మీదుండి అంతా కలిపేస్తుంది. అష్టమి, నవముల్లో మెత్తబడుతుంది, పొరలు విడివిడిగా నిలుస్తాయి. తాత ఆ రోజే రమ్మన్నది అందుకే.

ఇంకోటి. ఏరు తెచ్చే సన్న బంకమన్ను రేణువులు ఉప్పు తగలగానే ఒకదానికొకటి అంటుకుని ముద్దకట్టి దిగిపోతాయి. కోరంగి మడ అడవులు నిలబడింది ఆ బురద మీదే. ఎగువ ఆనకట్టల వెనక మన్ను ఆగిపోతోంది, ఇక్కడికి రావాల్సినంత రావట్లేదు. గట్టు తెగి మడచెట్ల వేళ్లు బయటపడ్డచోట చాలాసేపు నిలబడిపోయాను. ఏం చెప్పాలో... సరే, అది ఎదురుగా మాట్లాడుకుందాం.

నువ్వు మే నెలలో రా. ధవళేశ్వరం ఆనకట్ట గేట్లు దించేసి దిగువకి నీరు పెద్దగా వదలరు, అప్పుడు ఉప్పు యానాం దాటి పైకెక్కుతుందట. సీసా, దారం నేను తెస్తా. నువ్వే రుచి చూసి... అదుగో, బస్సు హారన్ కొడుతున్నాడు, దీన్ని డబ్బాలో వేసి పరిగెత్తాలి. ఉంటారా.

నీ
రాంబాబు