సిరొంచ తెలుగు సంఘం వార్షిక నివేదిక: ఆరోగ్య విభాగం

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చులు కోశాధికారి పత్రంలో ఉన్నాయి కనుక ఇక్కడ రాయడం లేదు. ఈ ఏడాది తరగతుల విషయం స్వయంభక్షణ, అంటే ఆటోఫజీ: కణం తనలో పాడైన భాగాలను తానే అరగదీసి మళ్లీ వాడుకోవడం.

ఎక్కువసేపు నడిచింది సంచి పాఠమే. ముందు కణద్రవంలో నెలవంకలాంటి పలచని పొర పుడుతుంది. చెడిన మైటోకాండ్రియానో (కణంలో శక్తిని తయారుచేసే భాగం), ముద్దకట్టిన ప్రోటీన్లనో చుట్టేసి మూతి మూసుకుంటుంది. రెండు పొరల సంచి, సుమారు ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అది కణంలో అరుగుదల జరిగే లైసోసోమ్‌తో కలిశాక, పీహెచ్ (ఆమ్లపు కొలత) 4.5–5 ఉండే ఆమ్లంలో దాదాపు 60 రకాల ఎంజైములు సరుకును విడగొడతాయి. అమైనో ఆమ్లాలు తిరిగి కణద్రవంలోకి వస్తాయి. ఏది చెత్తో తెలియడానికి యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ చీటీలా అంటుకుంటుంది. పీ62 అనే మరో ప్రోటీన్ ఒకవైపు ఆ చీటీని, మరోవైపు సంచి పొరను పట్టుకుంటుంది.

ఆమ్లం తగ్గిందా, పని ఆగిపోతుంది. మలేరియా మనకు కొత్త కాదు గనక క్లోరోక్విన్ ఉదాహరణ ఇచ్చాం. అది లైసోసోమ్‌లో చేరి ఆమ్లాన్ని తగ్గిస్తే అరగని సంచులు పోగుపడతాయి. ప్రయోగశాలల్లో స్వయంభక్షణను ఆపడానికి వాడేదీ ఇదే. ఇది విని డాక్టరు రాసిన కోర్సు మధ్యలో మానకండి. ఆ మందు మలేరియా క్రిమిని దెబ్బతీసేదీ దాని ఆమ్లపు సంచిలోనే.

ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు సికిల్‌సెల్ ఉన్న ఇళ్లవారు అడిగితే ఎర్రకణాల సంగతి చేర్చాం. మామూలు ఎర్రకణం 120 రోజులుంటుంది. ముసలిదాన్ని ప్లీహం, కాలేయాల్లోని భక్షక కణాలు మింగి రోజుకు 20–25 మిల్లీగ్రాముల ఇనుమును వెనక్కి ఇస్తాయి. తిండి నుంచి వచ్చేది ఒకటి, రెండు మిల్లీగ్రాములే. సికిల్ కణం 10–20 రోజులకే చితికిపోతుంది. చితికిన కణాల నుంచి వచ్చే పచ్చని పదార్థం పేరుకుని కళ్లు పచ్చబడతాయి. ఇనుము మాత్రం చాలావరకు ఒంట్లోనే ఉంటుంది. పరీక్ష లేకుండా ఐరన్ మాత్రలు మింగొద్దు.

ఇక ఉపవాసం. పస్తుంటే స్వయంభక్షణ పెరిగి ఒళ్లు శుద్ధి అవుతుందని ఫోన్లకు సందేశాలొస్తున్నాయి. స్వయంభక్షణపై పరిశోధనకు 2016లో నోబెల్ అందుకున్న జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమి ఆకలికి గురిచేసింది మనుషుల్ని కాదు, పిండిని పులియబెట్టే ఈస్ట్‌ను. ఇన్ని గంటలు పస్తుంటే మనిషిలో ఇంత శుద్ధి జరిగిందని చెప్పే రక్తపరీక్ష వాడుకలో లేదు, ఆ సందేశాలు ఏం చెప్పినా. అసలు ఈ పని తిన్న రోజూ కొంత సాగుతూనే ఉంటుంది. కాళేశ్వరం వెళ్లి శివరాత్రి ఉపవాసముండే షుగరు రోగులు మాత్రలు, ఇన్సులిన్ సంగతి ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. రక్తంలో చక్కెర పడిపోయి చెమట, వణుకు వస్తే, స్పృహలో ఉంటే, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాలకు తగ్గకపోతే ఇంకోసారి.