పార్క్ సో జున్ నటన గురించి నా మనవి

సభ్యులందరికీ నమస్కారం. 'వాట్స్ రాంగ్ విత్ సెక్రటరీ కిమ్' అనే కొరియన్ ధారావాహికలో కథానాయకుడు పార్క్ సో జున్ అతిగా నటించాడని నిన్న మన గ్రూపులో వచ్చిన అభిప్రాయాన్ని నేను అంగీకరించలేకపోతున్నాను.

2018లో దక్షిణ కొరియాకు చెందిన టీవీఎన్ ఛానల్‌లో 16 భాగాలుగా ప్రసారమైన ఈ కథలో అతని పాత్ర లీ యంగ్ జున్, అద్దంలో తన రూపాన్ని చూసి తానే మురిసిపోయే ఒక వ్యాపార సంస్థ వైస్ చైర్మన్. అటువంటి మనిషిని తగ్గించి నటిస్తే పాత్రే మిగలదు. పైగా ఆ డాంబికం వెనుక చిన్ననాటి అపహరణ మిగిల్చిన భయం ఉందని, అప్పట్లో తన కాళ్లకు బిగించినలాంటి ప్లాస్టిక్ కట్లను చూస్తేనే అతను వణికిపోతాడని కథ నెమ్మదిగా బయటపెడుతుంది కాబట్టి, మొదటి భాగాల్లోని ఆ గొప్పలన్నీ తనను తాను కాపాడుకోవడానికి తొడుక్కున్న కవచమని మనకు తర్వాత అర్థమవుతుంది. తొమ్మిదేళ్లు తన వద్ద సెక్రటరీగా పనిచేసిన కిమ్ మి సో ఉద్యోగం మానేస్తానన్నప్పుడు అతని కళ్లలో కనిపించే తడబాటును గమనించండి. మాట ఎప్పటిలాగే దర్పంగా ఉంటుంది, చూపు మాత్రం అలా ఉండదు.

ముద్దు పెట్టుకోబోయి, పాత భయం కమ్ముకోగా ఆమె కుర్చీని వెనక్కి నెట్టేసే సన్నివేశంలో మనం ముందు నవ్వుతాం, మరుక్షణం అతని ముఖం చూసి ఆగిపోతాం. ఈ రెండింటినీ ఒకే క్షణంలో పలికించడం, నా దృష్టిలో, చాలా కష్టమైన పని. అంతకు ముందు ఏడాది 'ఫైట్ ఫర్ మై వే'లో ఓడిపోయిన తైక్వాండో ఆటగాడిగా, 2020లో 'ఇటేవాన్ క్లాస్'లో పట్టుదల గల యువకుడిగా ఇతడే ఎంత నిగ్రహంగా నటించాడో చూసినవారు, ఇక్కడి ఆర్భాటం అతను తెలిసి ఎంచుకున్నదేనని ఒప్పుకుంటారు. దయచేసి ఆ కుర్చీ సన్నివేశాన్ని మరొక్కసారి చూసి మీ అభిప్రాయం రాయండి.