చలిలో కుక్కతో ప్రయాణం చేసేవాళ్లకు

అందరికీ నమస్కారం. ఈ చలిలో కుక్కలను కారులో తీసుకెళ్లేవాళ్లు దయచేసి గమనించండి. ఇంజిన్ ఆపిన కారు కాసేపటికే ఫ్రిజ్‌లా చల్లబడిపోతుంది. "ఐదు నిమిషాలేగా" అని వాటిని లోపల వదిలి వెళ్లొద్దు.

పొట్టి బొచ్చువాటికి, కుక్కపిల్లలకు, ముసలివాటికి స్వెటర్ వేయండి. తడిస్తే మాత్రం వెంటనే తీసేసి ఒళ్లంతా తుడవాలి, తడి బట్ట ఒంట్లో వేడిని లాగేస్తుంది. కింద మందపాటి దుప్పటి పరవండి. వేడినీళ్ల సీసా పెడితే దానికి గుడ్డ చుట్టండి, లేకపోతే చర్మం కాలుతుంది.

ముఖ్యంగా వణుకు మీద కన్నేయండి. కుక్క ఒంటి వేడి మామూలుగా 38-39 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. వణుకు ఆగిపోయి మగతగా, తూలుతూ ఉందంటే చలి తగ్గినట్టు కాదు, ప్రమాదం ముదిరినట్టు. పొడి దుప్పట్లో చుట్టి వెంటనే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.