రేకుల వార్డులో చేసిన డ్యూటీ రికార్డులో లేదు

సంపాదకుడు గారికి,

నవంబరు వచ్చిందంటే మాజీ సైనికులం లైఫ్ సర్టిఫికెట్ల పని మీద హనుమకొండలో ఒకచోట కలుస్తాం. ఎవరి బిడ్డ పెండ్లి ఎప్పుడు, ఎవరికి షుగర్ ఎంత, పెన్షన్ పోర్టల్ స్పర్శ్‌లో ఎవరి పేరు తప్పు పడింది, ఇవే ముచ్చట్లు. నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో ఇరవై రెండేళ్లు నర్సింగ్ అసిస్టెంటుగా చేసినవాణ్ణి. పాత అలవాటు కొద్దీ మనిషి మాట కంటే ముందు దగ్గు వింటాను. పోయిన నవంబరులో పరకాల వైపు నుంచి నా జూనియర్ ఒకతను వచ్చాడు. మెట్లెక్కి పైకి వచ్చి, మాట్లాడకుండా చెయ్యెత్తి నన్ను ఆగమన్నాడు. ఊపిరి అందాక "దమ్ము వస్తుందన్నా, రెండేళ్లయింది" అన్నాడు. చెయ్యి పట్టుకుని చూశాను. వేళ్ల కొసలు ఉబ్బి, గోళ్లు గుండ్రంగా వంగి ఉన్నాయి.

మొదట చూపించుకున్న చోట టీబీ అన్నారట. ఆరు నెలలు మందులు మింగాడు. తగ్గకపోతే హైదరాబాద్ పోయి సీటీ స్కాన్ తీయించుకున్నాడు. అక్కడి డాక్టరు ఫిల్ము చూసి అడిగిన మొదటి మాట: "ఏ ఫ్యాక్టరీలో చేశారు?" ఇతని జవాబు: "ఫ్యాక్టరీ కాదు సార్, ఆస్పత్రిలో చేసిన."

జబ్బు పేరు ఆస్బెస్టోసిస్. మన బడి పుస్తకాల్లో రాతినార అని చదువుకున్నామే, పులివెందుల దగ్గర దొరుకుతుందని, అదే ఆస్బెస్టాస్. ఆస్పత్రిలో రాతినార ఎక్కడిదని మీ పాఠకులకు అనుమానం రావచ్చు. మేమిద్దరం పనిచేసిన స్టెరిలైజేషన్ గది సంగతి చెబుతాను. అది ఏ ఊళ్లోదన్నది ఇక్కడ అనవసరం. బాయిలర్ నుంచి ఆటోక్లేవ్ (పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే యంత్రం) దాకా ఆవిరి పైపు వచ్చేది. వేడి పోకుండా దాని చుట్టూ తెల్లగా, మందంగా రాతినార పొర (లాగింగ్) ఉండేది. చూస్తే విరిగిన కాలికి వేసిన సిమెంటు కట్టులాగే ఉండేది. ఎక్కడైనా చిట్లితే మేమే గాజుగుడ్డ చుట్టి ముడి వేసేవాళ్లం. ఆటోక్లేవ్ తలుపు సందులోంచి ఆవిరి కారితే పాత తాడు గీకి తీసి, కొత్త రాతినార తాడు కొలిచి, డ్రెస్సింగ్ కత్తెరతోనే కత్తిరించి పెట్టేవాళ్లం. కత్తిరించిన చోట సన్నగా నూగు లేచేది. దాన్ని నోటితో ఊదేవాళ్లం. ల్యాబులో ఇనుప జాలీ మధ్య తెల్లటి గుండ్రటి పూత కూడా అదే. ఇక వార్డుల మీద రాతినార కలిపిన సిమెంటు రేకులు. రేకు కదలకుండా, పగలకుండా ఉన్నంతకాలం భయం తక్కువే. కోసినా, డ్రిల్లు వేసినా, పగిలినా, పాతబడి పొడి రాలినా ముప్పు. (మన వరంగల్లో కోతులు దూకని రేకు లేదు. ఆ ముక్కల్ని ఉత్త చీపురుతో ఊడ్చేవాళ్లు ముందు కొంచెం నీళ్లు చల్లితే మంచిది.)

ఆ నూగు ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడే గుచ్చుకుని ఉండిపోతుంది. జబ్బు బయటపడటానికి చాలామందిలో ఇరవై నుంచి నలభై ఏళ్లు పడుతుంది. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ తెచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చి చెప్పింది. మన ప్రభుత్వం 1986లో కొత్త గనులకు అనుమతులు ఆపింది. దిగుమతి మాత్రం ఆపలేదు.

అసలు చిక్కు ఈ ఇరవై, నలభై ఏళ్లతోనే. నా జూనియర్ 2003లో రిటైరై ఇంటికి వచ్చాడు. ఇంటికి పంపేముందు చేసే వైద్య పరీక్షలో, అదే రిలీజ్ మెడికల్ బోర్డులో, ఊపిరితిత్తులు బాగున్నాయనే రాశారు. అప్పటికి బాగానే ఉండి ఉంటాయి, అందులో ఎవరి తప్పూ లేదు. సర్వీసులో మొదలై రిటైరయ్యాక బయటపడే జబ్బుకు కూడా డిసెబిలిటీ పెన్షన్ అడగొచ్చని మా కాలపు 1982 నిబంధనల్లో ఉంది. కానీ దానికి పెట్టిన గడువు పదేళ్లు దాటదు. ముప్పై ఏళ్లకు బయటపడే జబ్బుకు పదేళ్ల గడువు ఏ లెక్కన పెట్టారో నాకు అర్థం కాదు.

బయట కార్మికులకైతే పాత 1923 నష్టపరిహార చట్టంలోనే ఆస్బెస్టోసిస్ వృత్తి జబ్బుల పట్టికలో ఉంది. అదే చట్టం సైన్యంలో పనిచేసేవాడు ఉద్యోగి నిర్వచనం కిందికి రాడని కూడా చెప్పింది. మాకు మిగిలిన దారి పెన్షనే. లక్నోలోని రికార్డ్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టాలి, కాదంటే అప్పీలు చేయాలి, అక్కడా కాదంటే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కు పోవాలి. 2007 చట్టంతో వచ్చిన ట్రిబ్యునల్ ఇది, మన తెలంగాణ చెన్నై బెంచి కిందికి వస్తుంది. చివరి ఉత్తర్వు అందిన ఆరు నెలల్లో పిటిషన్ వేయాలి. ఆలస్యమైతే కారణం చూపించి మన్నించమని అడగొచ్చు. గెలిచినా బకాయిలు మామూలుగా వెనక్కి మూడేళ్లకే ఇస్తారు. 2008లో తర్సేం సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన లెక్క అది.

ధైర్యం ఇచ్చే తీర్పులు లేకపోలేదు. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసు చూడండి. ఆయనది మూర్ఛ జబ్బు. భర్తీ నాటి కాగితాల్లో ఆ జబ్బు రాసి లేకపోతే అది సర్వీసు వల్ల వచ్చిందనే అనుకోవాలని, కాదని చూపాల్సిన బాధ్యత సైన్యానిదేనని సుప్రీంకోర్టు చెప్పింది. అంతకంటే ముందు, 1995 జనవరిలో, ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో అదే కోర్టు ఇంకో మాట చెప్పింది. కార్మికుడి ఆరోగ్య రికార్డును చేరిన నాటి నుంచి 40 ఏళ్లు గానీ, మానేశాక 15 ఏళ్లు గానీ, ఏది ఎక్కువైతే అంతకాలం దాచాలంది. ఈ జబ్బు ఎంత ఆలస్యంగా వస్తుందో కోర్టుకు ముప్పై ఏళ్ల కిందటే తెలుసన్నమాట. ఆ తీర్పు ఫ్యాక్టరీల గురించి. ఆటోక్లేవ్ గదిలో తాడు కత్తిరించినవాడికీ అదే నూగు కదా!

అమెరికాలో సైనికుడు సర్వీసులో జరిగిన నష్టానికి ప్రభుత్వం మీద దావా వేయకుండా 1950 నాటి ఫెరెస్ తీర్పు అడ్డం ఉంది. అందుకని అక్కడివాళ్లు రాతినార సామాన్లు అమ్మిన కంపెనీల మీద పడ్డారు. జాన్స్ మాన్‌విల్ అనే పెద్ద కంపెనీ 1982లో దివాలా పిటిషన్ వేసింది, తర్వాత బాధితులకు చెల్లించడానికి ట్రస్టు పెట్టాల్సి వచ్చింది. మన దగ్గర ఆ దారి పట్టడం కష్టం. ముప్పై ఏళ్ల కిందటి తాడు ఏ కంపెనీదో ఎవరు చెబుతారు? కానీ అక్కడ ఇంకో పద్ధతి ఉంది, మనకు కావాల్సింది అది. వాళ్ల మాజీ సైనికుల శాఖలో వైకల్య దరఖాస్తుకు గడువు లేదు. నేవీలో ఏ ఉద్యోగంలో ఆస్బెస్టాస్ తగిలే అవకాశం ఎంతో ఒక జాబితా కూడా రాసి పెట్టుకున్నారు.

రక్షణ శాఖను నేను అడిగేదీ అదే. పాత మిలిటరీ ఆస్పత్రుల్లో ఏ గదిలో, ఏ సంవత్సరం దాకా రాతినార ఉందో ఇంజనీర్ల దగ్గర రికార్డు ఉంటుంది. ఆ గదుల్లో పనిచేసిన నర్సింగ్ అసిస్టెంట్లు, అంబులెన్స్ అసిస్టెంట్లు, నర్సింగ్ ఆఫీసర్లు, సివిలియన్ సఫాయివాలాలు అందరి సర్వీసు కాగితాల్లో ఒక్క వాక్యం చేర్చండి. ఇంకా సర్వీసులో ఉన్నవాళ్లకు ఇప్పుడే చేర్చొచ్చు. ఈ ఒక్క జబ్బుకు ఆ పదేళ్ల గడువు ఎత్తేయండి.

నా ఎక్స్‌రే ఇప్పటికి బాగానే ఉంది. టెన్షన్ లేదంటే అబద్ధం.

మా జూనియర్ దరఖాస్తు రాసేటప్పుడు "సర్వీసులో ఎక్కడ తగిలింది" అన్న చోట పెన్ను ఆగిపోయింది. ఏ కాగితం చూపాలి? చివరికి నేనే సాక్షిగా రెండు పేజీలు రాసిచ్చాను. గది ఏ వార్డు వెనక ఉండేది, పైపు ఏ గోడ వెంట పోయేది, తాడు ఎన్నాళ్లకోసారి మార్చేవాళ్లం, అన్నీ రాశాను. ఒక్కడి సాక్ష్యం చాలదన్నారు. 1986 నుంచి 1990 దాకా ఆ గదిలో మాతో పనిచేసినవాళ్లలో ఒకరిది కరీంనగర్ వైపు, ఇంకొకరిది ములుగు దగ్గర పల్లె. వాళ్లు ఈ ఉత్తరం చదివితే మీ కార్యాలయానికి ఒక కార్డు రాయమని మనవి. నా పేరు, చిరునామా మీకు విడిగా పంపుతున్నాను, దయచేసి అచ్చు వేయకండి. మా వాడికి ఇంకా ఒక బిడ్డ పెండ్లి చేయాల్సి ఉంది, ఊళ్లో టీబీ అనుకుంటారని అతని భయం.

ఇట్లు,
ఒక మాజీ హవల్దార్, ఆర్మీ మెడికల్ కోర్
హనుమకొండ