సగం వాటా ఉంటే సరిపోతుందా?

ఎడిటర్ గారికి నమస్కారం,

శ్రీశైలం కరెంటు గొడవ గురించి రాస్తూ మీ పేపర్లో ఇతైపు డ్యామ్‌ని చూసి నేర్చుకోమన్నారు, బ్రెజిల్, పరాగ్వే చెరిసగం పంచుకుని ఏ పేచీ లేకుండా నడుపుకుంటున్నాయని. నేను రెండేళ్లు బ్రెజిల్‌లోని సావో పాలోలో ఉద్యోగం చేశాను, పనిగట్టుకుని వెళ్లి ఆ డ్యామ్ చూసొచ్చాను, అందుకే ఈ ఉత్తరం.

మెచ్చుకోవాల్సినదే, కాదనను. పరానా నది మీద సరిగ్గా బోర్డర్లో కట్టారు, 700 మెగావాట్ల మిషన్లు 20, మొత్తం 14,000 మెగావాట్లు. కంట్రోల్ రూమ్ నేల మీద ఒక గీత ఉంటుంది, గీతకి అటు పరాగ్వే ఇటు బ్రెజిల్, ఇద్దరి ఉద్యోగులూ ఒకే గదిలో కూర్చుని పనిచేస్తుంటారు. మన కుడిగట్టు, ఎడమగట్టు గుర్తొచ్చి అక్కడే చాలాసేపు నిలబడిపోయాను.

కానీ పేచీ లేదన్న మాట తప్పు సార్. 1973 ఒప్పందం ప్రకారం వాటా సగం సగమే, కాకపోతే ఒకరు వాడుకోగా మిగిలింది ఇంకో దేశానికి అమ్ముకోవడానికి లేదు, రెండోవాళ్లకే ఇవ్వాలి. పరాగ్వే చిన్న దేశం, అంత కరెంటు ఎక్కడ వాడుతుంది, దాంతో ఏళ్ల తరబడి వాళ్ల వాటాలో ఎక్కువ భాగం బ్రెజిల్‌కే పోయింది. పైగా వాళ్ల గ్రిడ్‌లో కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది (50 హెర్ట్జ్ అంటారు), బ్రెజిల్‌ది 60, రెండూ నేరుగా కలవవు, అందుకని ఆ మిగులు కరెంటుని ఒకే దిశలో పోయే డీసీగా మార్చి 800 కిలోమీటర్లు సావో పాలో వైపు పంపిస్తారు. నా ఫ్లాట్‌లో వెలిగిన లైట్లలోనూ పరాగ్వే కరెంటు కొంత ఉండే ఉంటుంది. దానికి వాళ్లకి ముట్టే పరిహారం మరీ తక్కువని ఏళ్లకేళ్లు అడగ్గా అడగ్గా 2009లో అప్పటి పరాగ్వే అధ్యక్షుడు లూగో, బ్రెజిల్ అధ్యక్షుడు లూలా కూర్చుని ఏడాదికి 12 కోట్ల డాలర్లున్నదాన్ని 36 కోట్లు చేయడానికి ఒప్పుకున్నారు. డ్యామ్ కట్టడానికి తెచ్చిన అప్పు 2023లో తీరింది, రేట్ల సంగతి మళ్లీ మాట్లాడుకోవాల్సిన గడువూ అదే ఏడాది.

ఇక మునక. సెతె కేదాస్ అని పెద్ద జలపాతాలుండేవి అక్కడ, 1982 అక్టోబర్‌లో రెండు వారాల్లో రిజర్వాయర్ అడుక్కి పోయాయి, అక్కడి ఆదివాసులు అవా గువారానీ జనం ఊళ్లూ పోయాయి. మా అమ్మమ్మ వాళ్ల ఊరు శ్రీశైలం నీళ్లలో మునిగింది. ఎండాకాలం నీళ్లు తగ్గితే మన సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, మా అమ్మ వెళ్లి దండం పెట్టుకుని వస్తుంది. ఆ జలపాతాలు చూసినవాళ్లకి ఆ మాత్రం కూడా లేదు.

ఈసారి ఇతైపు గురించి రాసేటప్పుడు కరెంటు ఎవరు ఎంతకి కొన్నారో, ఎవరి ఊళ్లు మునిగాయో కూడా వేయండి సార్.

ఇట్లు,
మీ పాఠకుడు, నంద్యాల